ఇరవై పక్కన ఒకటెందుకుంది?

డార్ట్స్ బోర్డును ఎప్పుడైనా జాగ్రత్తగా చూశారా? బొమ్మల షాపుల్లో అయస్కాంతం బాణాలతో కలిపి అమ్ముతుంటారే, అదే. పిల్లలు మారాం చేస్తే కొనిస్తాం. వారం తిరిగేసరికి బాణాలు మంచాల కిందికి, బోర్డు అటక మీదికి చేరతాయి. ఈసారి అటక దులిపినప్పుడు దాన్నోసారి కిందికి దింపండి. గుండ్రటి పలక. దాని మీద మధ్య నుంచి అంచుదాకా గీసిన 20 తొనలు. ఒక్కో తొనకు ఒక్కో అంకె. ఒకటి నుంచి ఇరవై దాకా అన్నీ ఉంటాయిగానీ వరసలో ఉండవు. నడినెత్తిన 20. దానికి కుడిపక్కన 1. ఎడమపక్కన 5.

ఎవరో కళ్లు మూసుకుని చల్లినట్టున్న ఈ అంకెల వెనక పెద్ద కుట్రే ఉంది. ఆడేవాడి చూపు ఎప్పుడూ పెద్ద అంకె మీదే కదా! వాడు 20కి గురిపెడతాడు. చెయ్యి పిసరంత కుడికి జరిగిందా, చేతికొచ్చేది 1. ఎడమకు జరిగితే 5. అలాగే 19కి అటు 7, ఇటు 3. 18కి ఓ పక్క 1, ఇంకో పక్క 4. 17 దగ్గర 2, 3 కాపలా ఉంటాయి. ఆశ ఎక్కడుందో శిక్షనూ అక్కడే కూర్చోబెట్టారన్నమాట. 1896లో ఇంగ్లండులో ఓ వడ్రంగి ఈ ఏర్పాటు చేశాడని చెప్పుకుంటారు. ఎవరు చేసినా, మనిషి బుద్ధి తెలిసినవాడే.

ఒక చిన్న లెక్క వేద్దాం. మీ గురి అంతంతమాత్రం అనుకోండి. మూడు బాణాలు వేస్తే ఒకటి అనుకున్న తొనలో, ఒకటి కుడిపక్క తొనలో, ఒకటి ఎడమపక్క తొనలో పడుతుంది. 20కి గురిపెడితే వచ్చేవి 20, 1, 5. మొత్తం 26. అదే 7కి గురిపెట్టండి. దానికి అటు 19, ఇటు 16 ఉన్నాయి. మొత్తం 42! అంటే కొత్తగా ఆడేవాడికి 20 కంటే 7 మేలు. నమ్మబుద్ధి కావడం లేదు కదూ. నాకూ కాలేదు, కాగితం మీద ఇరవై తొనలకూ కూడిక వేసి చూసేదాకా. 2011లో ర్యాన్ టిబ్షిరానీ, ఆండ్రూ ప్రైస్, జొనాథన్ టేలర్ అనే గణాంక నిపుణులు ఇదే సంగతి మీద పెద్ద పరిశోధన వ్యాసమే రాశారు. చెయ్యి బాగా కుదిరినవాడు 20 తొనలోని మూడు రెట్ల గడికి గురిపెట్టాలట. కొంచెం తడబడేవాడు 19లోని మూడు రెట్ల గడికి మారాలట. మరీ తడబడేవాడు పలక మధ్యకు ఎడమవైపు ఎక్కడో వేసుకోవడం ఉత్తమమట.

మూడు రెట్ల గడి అంటే... పలక మీద రెండు సన్నటి పట్టీలు గుండ్రంగా తిరిగి ఉంటాయి. బయటి అంచు పట్టీలో పడితే ఆ అంకెకు రెట్టింపు. లోపలి పట్టీలో పడితే మూడు రెట్లు. ఆ పట్టీ వెడల్పు 8 మిల్లీమీటర్లే, చిటికెనవేలంత కూడా ఉండదు. నట్టనడుమ చుక్కకు 50. నిలబడే గీత పలకకు 7 అడుగుల 9 అంగుళాల పావు దూరం. నడిచుక్క నేలకు 5 అడుగుల 8 అంగుళాల ఎత్తు. 501తో మొదలుపెట్టి, వచ్చిన అంకెలు తీసేసుకుంటూ సున్నాకు చేరాలి. చివరి బాణం రెట్టింపు పట్టీలోనో, నడిచుక్కలోనో పడాలి. అంతే ఆట.

మిర్యాలగూడలో రైసుమిల్లుల ఊక వాసన మధ్య కూర్చుని ఈ ఇంగ్లిషు పబ్బుల ఆట గురించి ఇంత లోతుగా ఎందుకు చదివానంటే, మా అక్క కొడుకు పుణ్యం. హైదరాబాదులో కంప్యూటరు ఆటలు తయారుచేసే ఓ కంపెనీలో పనిచేస్తాడు. కత్తులు, మాంత్రికులు, రెక్కల రాక్షసులు ఉండే ఆన్‌లైన్ ఆట ఒకటి చేస్తున్నారట. ఎక్కడెక్కడివాళ్లో ఒకేసారి అందులో తిరుగుతుంటారు. యుద్ధాలు చేసీచేసీ అలసిన వీరులు సేదతీరడానికి ఊళ్లో ఓ సారాయి సత్రం ఉంటుంది. ఆ సత్రం గోడకు ఒక డార్ట్స్ పలక. దాని మీద ఆట ఎలా ఉండాలో తేల్చడం మావాడి పని.

పండక్కి వచ్చినప్పుడు ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు.

''మామా, నువ్వు లెక్కల సారువి గదా. బాణం ఎట్ల వేయించాల్నో చెప్పు. చేతిల ఉండేది మౌసు. బాణం కాదు.''

''ఒక గోడకున్న పలకకు ఇంత ఆలోచన ఏందిరా? బటన్ నొక్కితే పడ్తది.''

''బటన్ నొక్కితే పడితే ఎవడు ఆడ్తడు మామా?''

నిజమే. కథ నడిచే పెద్ద ఆటలో ఇలాంటి చిన్నాట పెట్టడం వాళ్లలో పాత అలవాటేనట. 1999లో వచ్చిన 'ఫైనల్ ఫాంటసీ 8'లో పేకల్లాంటి ఆట ఒకటి ఉంది. 2015 నాటి 'విచర్ 3'లోని 'గ్వెంట్' అనే పేకాట ఎంత నచ్చిందంటే తర్వాత దాన్నే విడిగా ఓ ఆటగా విడుదల చేశారు. 2012లో వచ్చిన 'అసాసిన్స్ క్రీడ్ 3' సత్రాల్లో కూర్చుంటే ఆడించేది అచ్చంగా మన దాడి ఆట! తొమ్మిదేసి కాయలు, మూడు వరస కలిస్తే ఎదుటివాడి కాయ ఎత్తెయ్యడం. మన గుళ్ల అరుగుల మీద గీతలు చెక్కుకుని ఆడుకున్నదే అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలపు సత్రంలో కనిపిస్తే నాకు చెప్పలేనంత సంతోషమేసింది.

సత్రమూ, ఆటా కలిసి ఉండటం మనకు కొత్తదేం కాదు. 'క్రీడాభిరామం' చదివినవాళ్లకు తెలుసు. ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల్లో ఒక రోజంతా తిరుగుతారు. రూక ఇచ్చి పూటకూళ్లింట్లో భోంచేస్తారు. కోడిపందెం చూస్తారు, పొట్టేళ్ల పోట్లాట చూస్తారు. ఓ ఊరి కథ చెప్పాలంటే ఆ ఊళ్లో జనం ఏం ఆడతారో చెప్పకుండా కుదరదని ఆ కవికి తెలుసు. మావాడి కంపెనీకి తెలియడానికి ఇంకో ఆరువందల ఏళ్లు పట్టింది.

సరే, బాణం సంగతి. వాడు చేసిన మొదటి ఏర్పాటు ఇది: తెర మీద గురిచుక్క ఒకటి అటూ ఇటూ ఊగుతుంటుంది. అది సరైన చోటికి రాగానే మౌసు నొక్కాలి. ఇది విని నాకు మత్స్యయంత్రం గుర్తొచ్చింది. పైన చేప తిరుగుతుంటుంది, కింద నీళ్లలో నీడ చూసి కొట్టాలి. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. ద్రుపదుడి కొలువులో ఎవరో మంచి గేమ్ డిజైనరే ఉండి ఉండాలి. రాజులంతా వరసగా ఓడిపోయేంత కష్టంగా ఉంది, ఒక్కడు గెలిచేంత న్యాయంగానూ ఉంది.

మరి ఆ గురిచుక్క ఎంత ఊగాలి? ఇక్కడే పేచీ. తెర లోపలున్న వీరుడు విలుకాడు, వందల యుద్ధాలు గెలిచాడు. తెర బయటున్నది తొమ్మిదో తరగతి పిల్లవాడు, మౌసు పట్టుకోవడం నిన్ననే నేర్చాడు. ఎవరి చెయ్యి లెక్క? వీరుడి నేర్పునే లెక్కేస్తే పిల్లవాడు ఊరికే నొక్కుతుంటాడు, ఆట చచ్చిపోతుంది. పిల్లవాడి చెయ్యే లెక్కంటే అన్నాళ్లు కష్టపడి వీరుణ్ని పెంచిందెందుకు? మావాడు మధ్యేమార్గం పట్టాడు. వీరుడి నేర్పును బట్టి చుక్క ఊపు కాస్త నెమ్మదిస్తుంది, ఆగడం మాత్రం ఆగదు. నొక్కే క్షణం పిల్లవాడిదే.

ఇంకో తమాషా కూడా పెట్టాడు. సత్రం కదా, వీరుడు తాగుతాడు. ఒక ముంత తాగితే చెయ్యి నిలకడగా ఉంటుంది, రెండోదానికి ఊగుతుంది, మూడోదానికి పలకే రెండుగా కనపడుతుంది. ఇది చెబుతుంటే వంటింట్లోంచి అక్క వచ్చింది.

''ఒక ముంత తాగితే గురి కుదుర్తదని పిల్లలకు చెప్తున్నవా? గిదేం కొలువురా నీది?''

''ఆటనే గదమ్మా...''

''కల్లు మండువకాడ మొదలుపెట్టినోళ్లు గూడ ఒక్క ముంతనే అనుకున్నరు.''

ఆ రాత్రే ఆ మొదటి ముంత సుగుణాన్ని తీసేశాడు. ఇప్పుడు మొదటి ముంతకే చెయ్యి ఊగుతుంది. నాకు మాత్రం పలక రెండుగా కనపడటం బాగా నచ్చింది. దాన్ని ఉంచమన్నాను.

అసలు చిక్కు నెట్టు దగ్గరొచ్చింది. పలక మీద రెట్టింపు పట్టీ ఒక బయటి అంచు నుంచి ఎదురుగా ఉన్న బయటి అంచుకు 34 సెంటీమీటర్లు. గురిచుక్క అంత దూరాన్నీ ఒక్క సెకనులో దాటుతుందనుకోండి. మిర్యాలగూడలో మీరు నొక్కారు. ఆ కబురు ఎక్కడో ఉన్న సర్వరుకు పదో వంతు సెకను ఆలస్యంగా చేరింది. ఈలోపు చుక్క 34 మిల్లీమీటర్లు జరిగిపోతుంది. మూడు రెట్ల పట్టీ వెడల్పు చూస్తే 8 మిల్లీమీటర్లు! మీరు 60 కొట్టానని ఎగిరి గంతేస్తే సర్వరు ఒకటో అరో చేతిలో పెడుతుంది. పట్నంలో మంచి లైనున్నవాడు గెలుస్తాడు, పల్లెలో సిగ్నలు కోసం మేడెక్కినవాడు ఓడతాడు. చెయ్యి మంచిదైనా లైను చెడ్డదైతే ఓడిపోవడం ఏం న్యాయం?

పోనీ ఎక్కడ పడిందో ఆడేవాడి కంప్యూటరునే చెప్పమంటే? అప్పుడు దొంగ ఆటగాడు ప్రతిసారీ 'అరవై పడింది, అరవై పడింది' అని చెప్పిస్తాడు. 501ని తక్కువలో తక్కువ తొమ్మిది బాణాల్లో ముగించవచ్చు. టీవీ కెమెరాల ముందు ఆ పని మొదటిసారి చేసిన మనిషి జాన్ లోవ్, 1984లో. దొంగ ప్రోగ్రాం అయితే దాన్ని టిఫిన్‌కు ముందు ఇరవైసార్లు చేస్తుంది. అందుకని మావాళ్లు ఏం చేశారంటే, మౌసు ఎటు కదిలిందీ, ఏ క్షణాన నొక్కిందీ ఆడేవాడి దగ్గరే నమోదవుతుంది. ఆ చిట్టా మొత్తం సర్వరుకు వెళుతుంది. సర్వరు దాన్ని మళ్లీ మొదటి నుంచి ఆడించి చూసి ఒప్పుకుంటుంది. పరీక్ష పేపరు ఇంట్లో రాసినా లెక్క చేసిన తీరంతా చూపించాలన్నట్టు. చిట్టాలో చెయ్యి మరీ మరమనిషిలా కదిలితే అనుమానించి పక్కన పెడుతుంది. డార్ట్స్‌లో ఒకరి తర్వాత ఒకరు వెయ్యడమే కాబట్టి, ఆ కాస్త ఆలస్యం ఎవరికీ తెలియదు. కత్తియుద్ధమైతే ఇంత తీరిక ఉండేది కాదన్నాడు.

ఇంతవరకూ లెక్కలు. లెక్కలతో తేలనిది తర్వాత వచ్చింది. పైనుంచి ఒక మాట దిగింది. సత్రంలో ఆట అంటే పందెం ఉండాలి. వీరులు బంగారు నాణేలు ఒడ్డాలి. ఓడినవాడి నాణేలు గెలిచినవాడికి పోవాలి, మధ్యలో సత్రం కొంత వాటా తీసుకోవాలి. ఆ బంగారు నాణేలు యుద్ధాల్లోనూ సంపాదించుకోవచ్చు, అసలు రూపాయలు పెట్టి కంపెనీ దగ్గరా కొనుక్కోవచ్చు. చివరి వాక్యం వినగానే నేను కుర్చీలో ముందుకు జరిగాను.

పందెంలో నేర్పు ఉంటే అది జూదమా, కాదా? డార్ట్స్ లోకంలో దీని మీద తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. 1908లో ఇంగ్లండులోని లీడ్స్‌లో ఒక పబ్బు యజమానిని జూదం ఆడిస్తున్నాడని కోర్టుకు లాగారట. అతను కోర్టులోనే పలక వేలాడదీయించి, తన దగ్గర ఆడే ఓ మంచి ఆటగాణ్ని పిలిపించాడట. ఆయన మూడు బాణాలూ 20లో గుచ్చాడట. అక్కడున్న గుమాస్తా వేస్తే తగల్లేదట. 'ఇది అదృష్టం కాదు, నేర్పు' అని కేసు కొట్టేశారట. కథ కథే, కోర్టు కాగితాలతో రుజువైంది కాదు. కానీ మన సికింద్రాబాదు కథకు కాగితాలున్నాయి.

1963లో సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. లోపల డబ్బులు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. నిజాం కాలపు హైదరాబాద్ జూద చట్టం కింద కేసు పెట్టారు. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు కొట్టేసింది, ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు చెప్పారు. మూడుముక్కలాటలా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద ఆధారపడింది కాదు. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి ప్రధానంగా నేర్పు ఆటే అన్నారు. దేశంలో ఎక్కడ ఆన్‌లైన్ రమ్మీ మాట వచ్చినా వకీళ్లు ముందు తీసేది ఈ సికింద్రాబాదు తీర్పునే. అందులోనే ఇంకో మాట ఉంది, దాన్ని మాత్రం చాలామంది మెల్లగా దాటేస్తారు. పందెం పెట్టి ఆడించి, ఆ ఆట నుంచి క్లబ్బు యజమాని లాభం తీసుకుంటున్నట్టు తేలితే నేరమయ్యే అవకాశం ఉందని. అంటే కోర్టు చూసింది ముక్కల్ని మాత్రమే కాదు, వాటా ఎవరి జేబులోకి పోతోందో కూడా.

తర్వాత సంగతి మీకు తెలిసిందే. క్లబ్బులో అయిదుగురు కూర్చుని ఆడే రమ్మీ ఫోనులోకి వచ్చి అర్ధరాత్రి ఒంటిగా ఆడే రమ్మీ అయింది. పొలం కాగితాలు కుదువబెట్టినవాళ్ల సంగతీ, ఫోనుకు అప్పులు తెచ్చినవాళ్ల సంగతీ జిల్లా పేజీల్లో చదవని నెలంటూ ఉందా? 2017లో తెలంగాణ ప్రభుత్వం జూద చట్టాన్ని సవరించి, డబ్బు ఒడ్డే ఆటల్లో నేర్పు ఆటలకున్న మినహాయింపు తీసేసింది. 2020లో ఆంధ్రప్రదేశ్ అదే దారి పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఇంకాస్త ముందుకెళ్లింది. నేర్పా, అదృష్టమా అని అడగనే అడగదు. డబ్బో, డబ్బు పెట్టి కొన్న నాణేలో ఒడ్డి, తిరిగి లాభం వస్తుందన్న ఆశతో ఆడేదైతే చాలు, నిషేధం.

నేను ఇదంతా చెబితే మావాడు ఇంకోటి చెప్పాడు. 1996లో వచ్చిన మొదటి 'పోకెమాన్' ఆటల్లో కూడా నాణేలు వేసి బొమ్మలు తిప్పే జూదపు మిషన్ల గది ఉండేదట. అక్కడ ఒడ్డేది ఆటలోని ఉత్తుత్తి నాణేలే. అయినా పిల్లల ఆటలో జూదం నమూనా ఏమిటన్న పట్టింపు పెరిగి, 2010 నాటికి జపాను బయట ఆ మిషన్లు పోయి, వాటి స్థానంలో ఆలోచించి ఆడే పజిల్ వచ్చింది. కొత్త ఆటల్లో ఆ గది మళ్లీ తెరవలేదు.

''జాతర్ల రింగులాట మంచిదేనా మామా మరి?'' అని అడిగాడు. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి వస్తుంది. లింగమంతుల సామికి మొక్కు తీర్చుకుని కిందికి దిగితే రెండు పక్కలా ఇవే దుకాణాలు. సబ్బుబిళ్ల మీద రింగు వెయ్యాలి. రింగు సబ్బు కంటే పిసరంతే పెద్దది. బెలూన్లు పేల్చే తుపాకీ గొట్టం ఎటువంకరో ఆ దుకాణదారుడికే తెలుసు. ఆ రింగు కొలత తీసినవాడు మావాడిలా కాలేజీలో చదువుకోలేదుగానీ, 'కొంచెంలో తప్పింది' అనిపిస్తే జనం ఇంకో పది రూపాయలు తీస్తారని తెలిసినవాడే. నేనన్నాను, ''జాతర్ల నువ్వు పోగొట్టేది సబ్బుబిళ్ల ఖరీదు. జాతర అయిపోంగనే దుకాణం లేస్తది. నీ సత్రం రాత్రి రెండింటికి గూడ తెరిచే ఉంటది గదరా.''

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అసలు గుట్టు చెప్పాడు. చెయ్యి తప్పి 20 పక్కన 1లో పడటం వేరు, ప్రోగ్రామే కావాలని అంచుదాకా తెచ్చి తప్పించడం వేరు. రెండోదీ రాయొచ్చు. ఆడేవాడికి ఏ తేడా తెలియదు. రెండు వరసల కోడ్ చాలు. పందెంలో సత్రానికి వాటా ఉన్న రోజున ఆ రెండు వరసలు రాయమని ఎవరో ఒకరు అడిగి తీరతారని వాడి భయం. డార్ట్స్ పలక శిక్ష వేస్తుంది నిజమే, కానీ అన్ని అంకెలూ కళ్లెదురుగా పెట్టి మరీ వేస్తుంది. అందుకే ఆ పాత వడ్రంగి, ఎవరైతేనేం, నాకు గౌరవనీయుడు.

కాబట్టి నాణేల పందెం వద్దని రాసివ్వాలనుకున్నాడు. వద్దని రాస్తే సరిపోదుగా, బదులేమిటో చెప్పాలి. ఏమీ ఒడ్డకపోతే ఆటకు ఉప్పుండదు. ఇది నేనూ ఒప్పుకుంటాను. పప్పు బెల్లాల కోసమైనా పందెం లేకుండా మనమెవరం అష్టాచెమ్మా ఆడలేదు.

అక్క బియ్యంలో రాళ్లేరుతూ అంది, ''మేం చిర్రగోనె ఆడినప్పుడు పైసలెక్కడియిరా? ఓడినోడు గెలిచినోణ్ని వీపు మీద ఎక్కించుకుని చింతచెట్టుదాక మోస్తుండె. అందరు చూసి నవ్వుతుండె. గదే పందెం.''

వాడు లేచి ల్యాప్‌టాప్ తెరిచాడు. ఇప్పుడు వాళ్ల సత్రంలో నియమం ఇది: డార్ట్స్‌లో ఓడిన వీరుడు గెలిచిన వీరుణ్ని వీపు మీద మోస్తూ సత్రం గుమ్మం నుంచి ఊరి బావిదాకా నడవాలి. ఆ సమయానికి ఆ ఊళ్లో ఎంతమంది ఆడుతుంటే అంతమందికీ కనిపిస్తుంది. బావి దగ్గర ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టొచ్చు. నాణెం ఒక్కటి కూడా చేతులు మారదు. పైవాళ్లు గొణిగారటగానీ, కొత్త చట్టం కాగితం జత చేసేసరికి ఒప్పుకున్నారట.

మొన్న ఫోన్ చేశాడు. బొమ్మలు వేసేవాళ్లు తల పట్టుకున్నారట. ఆ ఆటలో మూడడుగుల మరుగుజ్జులున్నారు, పన్నెండడుగుల రాక్షసులూ ఉన్నారు. మరుగుజ్జు ఓడిపోయి రాక్షసుణ్ని మోస్తే రాక్షసుడి కాళ్లు నేలకు ఈడుస్తున్నాయి, మోకాళ్లు గోడల్లోంచి దూరిపోతున్నాయి. ఈ వారమంతా ఆ కాళ్లు మడిచే పనిలో ఉన్నాడు.